గ్రహాల బాట కనిపెట్టిన కెప్లర్

1571 డిసెంబరు 27న జర్మనీలోని వైల్ డెర్ స్టాట్ పట్టణంలో, కలిమి తరిగిపోయిన ఒక లూథరన్ కుటుంబంలో యోహాన్ కెప్లర్ జన్మించాడు. తండ్రి కిరాయి సైనికుడు. ఇల్లు విడిచి వెళ్లి మళ్లీ తిరిగి రాలేదు. పసితనంలో వచ్చిన మశూచి వల్ల బాలుని చూపు మందగించింది. అయినా 1577లో తల్లి కతరీనా ఎత్తయిన చోటికి తీసుకువెళ్లి చూపించిన తోకచుక్కను అతడు జీవితాంతం మరువలేదు.

బోధకుడు కావాలని ట్యూబింగెన్‌లో దైవశాస్త్రం చదివాడు. కాని 1594లో గ్రాజ్ నగరానికి లెక్కల ఉపాధ్యాయుడిగా వెళ్లవలసి వచ్చింది. సృష్టిలోని క్రమాన్ని వెల్లడించడం కూడా దైవసేవేనని నమ్మి ఆ పనిలో నిమగ్నుడయ్యాడు. 1600లో అక్కడి కతోలిక పాలకుడు లూథరన్లను వెళ్లగొట్టినప్పుడు, మతం మారనని ఉద్యోగం వదులుకొని ప్రాగ్ చేరాడు. అక్కడ టైకో బ్రాహి అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు అంగారక గ్రహం లెక్కను ఆయనకు అప్పగించాడు.

గ్రహాలు వృత్తాల్లోనే తిరుగుతాయన్నది రెండు వేల ఏళ్ల నమ్మకం. కెప్లర్ కూడా వృత్తంతోనే లెక్క కట్టాడు. టైకో కొలతలకూ ఆ లెక్కకూ చిన్న తేడా మిగిలింది. అది పున్నమి చంద్రుని వెడల్పులో నాలుగో వంతు మాత్రమే. ఇంకొకరైతే సర్దుకుపోయేవారు. కెప్లర్ మాత్రం తన శ్రమనంతా పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాడు. అంగారకుడి బాట దీర్ఘవృత్తమని, సూర్యుడు దాని నడుమ కాక ఒక పక్కకు ఉంటాడని, సూర్యునికి దగ్గరైనప్పుడు గ్రహం వేగంగా, దూరమైనప్పుడు నెమ్మదిగా సాగుతుందని 1609లో ప్రకటించాడు. సూర్యుని నుండి గ్రహానికి గల దూరాన్ని బట్టి అది ఒక చుట్టు తిరిగే కాలాన్ని చెప్పే నియమాన్ని 1618లో కనుగొన్నాడు.

కష్టాలు ఆయనను విడువలేదు. ఒక విశ్వాసపత్రాన్ని పూర్తిగా ఒప్పుకోలేనన్నందుకు లింజ్ నగరంలో సొంత సంఘం వారే ప్రభు భోజనానికి దూరం చేశారు. తల్లి మీద మంత్రగత్తె అనే నింద పడింది. ఆ ముసలితల్లి 14 నెలలు సంకెళ్లలో ఉంది. కెప్లరే ఆమె పక్షాన వాదన సిద్ధం చేసి 1621లో విడిపించుకున్నాడు. యేసుసభ గురువైన ఫాదర్ పౌల్ గుల్డిన్ ఆయనకు మంచి స్నేహితుడు. అదే సభకు చెందిన ఫాదర్ జుక్కి ఇచ్చిన దూరదర్శిని ఆ గురువు ద్వారానే కెప్లర్‌కు అందింది.

తనకు రావలసిన సొమ్ము కోసం రేగెన్స్‌బర్గ్ వెళ్లి, 1630 నవంబరు 15న అక్కడే కన్నుమూశాడు. యుద్ధంలో ఆయన సమాధి కూడా ఆనవాలు లేకుండా పోయింది.

2013 నవంబరు 5న మన శ్రీహరికోట నుండి బయలుదేరిన మంగళయాన్, డిసెంబరు 1న భూమిని విడిచి, సూర్యుని చుట్టూ దీర్ఘవృత్తంలో దాదాపు సగం దూరం సాగి, 2014 సెప్టెంబరు 24న అంగారకుణ్ణి చేరింది. గురిపెట్టింది ఆ గ్రహం అప్పుడున్న చోటికి కాదు, దాదాపు 300 రోజుల తరువాత ఉండబోయే చోటికి. ఆ చోటును ముందుగా లెక్కకట్టే దారి చూపింది కెప్లర్ నియమాలే.

మనస్సాక్షి ఒప్పనిదానికి తల ఊపని మనిషి, లెక్కలోని చిన్న తేడానూ దాచలేదు. ఆ నిజాయితీని మన పిల్లలకు కూడా నేర్పుదాం.