రెండు పుటల పరిశోధన: డాక్టర్ శంభునాథ్ దే

మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చూడండి. ఒకప్పుడు కలరా వచ్చిందంటే ఊరంతా వణికిపోయేది. తెలంగాణ పల్లెల్లో దీన్ని గత్తర అనేవారు. బియ్యం కడిగిన నీళ్లలాంటి విరేచనాలు పట్టుకుని, పొద్దున బాగున్న మనిషి రాత్రికల్లా ప్రాణం విడిచేవాడు. ఈ జబ్బు మనిషి ఒంట్లో ఏం చేస్తుందో రుజువు చేసిన వైద్యుడు మన దేశంవాడే. ఆయన పేరు శంభునాథ్ దే. ఈ పాఠంలో ఆయన జీవితం గురించి, ఆయన ప్రచురించిన ఒక చిన్న పరిశోధన వ్యాసం గురించి తెలుసుకుందాం.

చదువు

శంభునాథ్ 1915 ఫిబ్రవరి 1న బెంగాల్‌లోని హుగ్లీ జిల్లా గరీబాటి గ్రామంలో జన్మించారు. వారిది కలిగిన కుటుంబం కాదు. ఉపకార వేతనం సాయంతో కలకత్తా వైద్య కళాశాలలో చదివి 1939లో వైద్యుడయ్యారు. తరువాత లండన్‌లో సర్ రాయ్ కామెరాన్ దగ్గర పరిశోధన చేసి, 1949లో పిహెచ్.డి. పట్టా పొందారు. తిరిగి వచ్చి కలకత్తాలో నీలరతన్ సర్కార్ వైద్య కళాశాలలో పనిచేస్తూ కలరాపై దృష్టి పెట్టారు.

చిక్కు ఎక్కడుంది?

కలరాకు ఒక సూక్ష్మజీవి కారణమని జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1884లోనే చెప్పారు. అది ఏదో విషాన్ని పుట్టిస్తుందని కూడా ఊహించారు. ఆ ఊహకు సరైన రుజువు దొరకడానికి 75 ఏళ్లు పట్టింది. కారణం ఏమిటి? పరిశోధకులు ఆ సూక్ష్మజీవులను జంతువుల రక్తంలోకో, పొట్టలోని ఖాళీలోకో ఎక్కించి చూసేవారు. జంతువులు చచ్చిపోయేవి గాని, వాటిలో కలరా లక్షణాలు కనిపించేవి కావు.

దే మరో విధంగా ఆలోచించారు. జబ్బు పేగులో ఉన్నప్పుడు పేగులోనే వెతకాలి కదా! ఆయన ఒక కుందేలు చిన్నపేగులో కొంత భాగాన్ని రెండు చివరలా దారంతో కట్టి, మధ్యభాగంలోకి కలరా సూక్ష్మజీవులను ఎక్కించారు. మర్నాటికి ఆ భాగం నీటితో నిండి ఉబ్బింది. సహచరుడు చటర్జీతో కలిసి 1953లో ఈ పద్ధతిని ప్రకటించారు.

తరువాతి మెట్టు ఇంకా ముఖ్యమైనది. సూక్ష్మజీవులను పెంచిన ద్రవాన్ని వడగట్టి, వాటిని పూర్తిగా తీసివేశారు. మిగిలిన ద్రవాన్ని మాత్రమే పేగులోకి ఎక్కించారు. అయినా పేగు నీటితో నిండింది. ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. లోపల ఒక్క సూక్ష్మజీవి కూడా లేదు. మరి నీరు ఎందుకు చేరింది? సూక్ష్మజీవి బయటికి వదిలిన విషం ఆ ద్రవంలో ఉంది. ఒంట్లోని నీటిని పేగులోకి లాగేది ఆ విషమే.

రెండు పుటలు

ఈ ఫలితాన్ని దే 1959 మే 30న ఇంగ్లండు నుండి వెలువడే నేచర్ అనే శాస్త్ర పత్రికలో ప్రచురించారు. వ్యాసం నిడివి రెండు పుటలే. ఏం చేశాం, ఎలా చేశాం, ఏం చూశాం అన్నవి స్పష్టంగా ఉంటే అంతకన్నా ఎక్కువ అక్కరలేదు. ఇప్పుడు ఇలాంటి పత్రికలు, వచ్చిన వ్యాసాన్ని అదే రంగంలోని ఇతర శాస్త్రవేత్తలకు పంపి, తప్పులు వెతికించి, ఆ తరువాతే అచ్చు వేస్తాయి. అచ్చులో ఉన్న ప్రయోగాన్ని ఏ దేశంవారైనా మళ్లీ చేసి సరిచూసుకోవచ్చు. అలా సరిచూసినవారే దే చెప్పింది నిజమని తేల్చారు. 1969లో అమెరికాలో ఆ విషాన్ని శుద్ధి చేసి వేరుచేశారు. ఆ విషంలోని హాని చేయని భాగాన్ని కలిపి, నోటి ద్వారా ఇచ్చే ఒక కలరా టీకా కూడా తయారైంది.

ఆలస్యంగా వచ్చిన గుర్తింపు

ఆ వ్యాసాన్ని మొదటి కొన్నేళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. దేశంలోని ఏ సైన్స్ అకాడమీ ఆయనను సభ్యుడిగా ఎన్నుకోలేదు. 1973లో దే ఉద్యోగ విరమణ చేశారు. నోబెల్ బహుమతి గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ ఆయన పేరును నోబెల్ బహుమతికి సూచించారు గాని, అది రాలేదు. 1978లో కలరాపై జరిగిన నోబెల్ సదస్సుకు మాత్రం ఆహ్వానం అందింది. 1985 ఏప్రిల్ 15న ఆయన కన్నుమూశారు. అయిదేళ్ల తరువాత, 1990లో, బెంగుళూరు నుండి వెలువడే కరెంట్ సైన్స్ పత్రిక ఆయన కృషిపై ప్రత్యేక సంచిక వెలువరించింది.

బిరుదులు లేకపోయినా ఆ రెండు పుటలు నిలిచాయి. ఈసారి విరేచనాలు పట్టుకున్న బిడ్డకు ఓ.ఆర్.ఎస్. ద్రావణం తాగించేటప్పుడు గుర్తుంచుకోండి: కలరాలో ప్రాణం తీసేది ఒంట్లోని నీరూ లవణాలూ పోవడమే. ఓ.ఆర్.ఎస్. తయారీ వేరే శాస్త్రవేత్తల కృషి. ఆ నీరు ఎందుకు పోతుందో చూపినది దే.

మీరే జవాబు చెప్పుకోండి

1. దే కంటే ముందు చేసిన ప్రయోగాల్లో లోపం ఏమిటి?
2. ద్రవాన్ని వడగట్టకుండా ఉంటే, విషం ఉన్నదని రుజువయ్యేదా? ఎందుకు?
3. పరిశోధన ఫలితాన్ని పత్రికలో ప్రచురించడం వల్ల కలిగే లాభం ఏమిటి?