పరుసవేది వెతికిన ప్రిన్సిపాల్

స్వర్ణోత్సవ సంచికకు ఒక శాస్త్రవేత్త జీవితం రాయమని కమిటీ మిత్రులు అడిగినప్పుడు, రామన్ గురించో రే గురించో రాస్తానని అనుకుని ఉంటారు. నేను మాత్రం మన బడికి నడిచి వెళ్లేంత దూరంలో బతికిన మనిషిని ఎంచుకున్నాను. ఆయన అఘోరనాథ్ చటోపాధ్యాయ. సరోజినీ నాయుడి తండ్రి అంటే అందరికీ తెలుస్తుంది. ఆయన కెమిస్ట్రీలో డాక్టరేట్ చేసినవాడని చెబితే, ఏళ్ల తరబడి ఆ సబ్జెక్టు చెప్పినవాళ్లు కూడా ఆశ్చర్యపోతారు. ఒకప్పుడు నేనూ ఆశ్చర్యపోయాను.

నేను పనిచేసింది ముగ్గురు లెక్చరర్లున్న చిన్న డిపార్ట్‌మెంటులో. ఏటా ఒక ఫారం వచ్చేది. అందులో పరిశోధనాసక్తులు అని ఒక గడి. మిగతా ఇద్దరూ ఏదో ఒకటి నింపేవారు. బర్నర్లకు గ్యాసు వస్తే చాలనుకునే ల్యాబులో ఏం రాయాలో తెలియక నేను ఖాళీగా వదిలేసేవాణ్ని. అలాంటి ఒక ఏడాది, అశోక్‌నగర్ సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని ఆయన గురించి మొదటిసారి చదివాను.

ఆయన పుట్టింది 1851లో, తూర్పు బెంగాల్ విక్రమపురంలో. గిల్‌క్రిస్ట్ స్కాలర్‌షిప్‌తో ఎడిన్‌బరో వెళ్లి 1870లలో డి.ఎస్సీ. పట్టా పుచ్చుకున్నారు. కెమిస్ట్రీలో అక్కడ పేరున్న హోప్ ప్రైజు ఆయనకు దక్కింది. ఆ తర్వాత జర్మనీలోని బాన్‌లోనూ చదివారు. అప్పట్లో ఎడిన్‌బరోలో కెమిస్ట్రీ ప్రొఫెసర్ క్రమ్ బ్రౌన్. అణువులో ఏ పరమాణువు దేనితో కలిసి ఉందో గీతలతో బొమ్మ గీసి చూపే పద్ధతిని తీర్చిదిద్దినవారిలో ఆయన ఒకరు. ఈ రోజు మన పదో తరగతి పిల్లలు మీథేన్‌కి వేసే బొమ్మ ఆ వంశానిదే. ఆ తర్వాత, 1887లో, అదే విభాగం నుంచి ప్రఫుల్ల చంద్ర రే డి.ఎస్సీ. తెచ్చుకున్నారు. రే కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరి, 1896లో మెర్క్యురస్ నైట్రైట్‌తో లోకానికి తెలిశారు.

అఘోరనాథ్ 1878లో హైదరాబాదు వచ్చారు. అప్పుడు దివాను మొదటి సాలార్ జంగ్. ఇక్కడ ల్యాబు మాట అటుంచి, కాలేజీయే లేదు. ఆయన ఇంగ్లీషు చదువు చెప్పే బడి పెట్టారు. అది కాలేజీ అయింది, తర్వాత నిజాం కాలేజీగా ఎదిగింది.

1883లో చాందా రైల్వే గొడవ వచ్చింది. రాష్ట్రంలోని రైలు మార్గాన్ని లండన్‌లో పెట్టే కంపెనీకి అప్పగించే ఏర్పాటు అది. షరతులేమిటో జనానికి చెప్పాలని ముల్లా అబ్దుల్ ఖయ్యూం లాంటివారితో కలిసి ఆయన అడిగారు. ఫలితం, ఉద్యోగం పోయింది. ఊరు వదిలి వెళ్లమన్నారు. ఇంట్లో అప్పటికి నాలుగేళ్ల సరోజిని, ఆమె కన్నా చిన్నవాడైన వీరేంద్రనాథ్. కొన్నేళ్లకు మళ్లీ పిలిచారు, వచ్చారు. వచ్చాక బుద్ధిగా ఉన్నారా అంటే లేదు. కులాంతర వివాహాలకు వీలిచ్చే 1872 చట్టాన్ని ఇక్కడికి తేవాలని పాటుపడ్డారు. 1898లో సరోజిని మన తెలుగు డాక్టరు గోవిందరాజులు నాయుడిని మద్రాసులో పెళ్లాడింది ఆ చట్టం కిందే. జరిపించింది కందుకూరి వీరేశలింగం.

కూతురు లెక్కల మనిషో శాస్త్రవేత్తో కావాలని తండ్రి ఆశ. పదకొండేళ్ల వయసులో ఆ పిల్ల ఆల్జీబ్రా లెక్క తెగక కూర్చుని, దాని బదులు కవిత రాసేసింది. సైన్సు టీచర్లకు ఇలాంటి ఓటములు అలవాటే.

నన్ను ఇబ్బంది పెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. ఆయన ఇంట్లో రసవాదం చేసేవారు, బంగారం కోసం. రోజూ తోటలో పండితులు, ఫకీర్లు, సాధువులు, బిచ్చగాళ్లు అందరూ చేరేవారు. చేతిలో డబ్బంతా ఇతరులకు సాయం చేయడానికి, రసవాదానికి పోయేదని సరోజినే రాసుకున్నారు. ఎడిన్‌బరో డాక్టరు పరుసవేది వెతకడమేమిటని, చాలాకాలం నేను క్లాసులో ఈ ముక్క దాటేసేవాణ్ని. ఇప్పుడు అలా అనిపించదు. మూలకం మారదని ఆయనకు తెలియకపోదు. కానీ చేతికి మూస, కొలిమి అలవాటైన మనిషికి ఊరంతటిలో దొరికిన ల్యాబు తన పెరడే. పక్కన నిలబడి మాట్లాడేవాళ్లు మందులు నూరే హకీములు, సాధువులే. ప్రెసిడెన్సీలో రేకి దొరికినంత దొరికి ఉంటే ఏం చేసేవారో అని ఇప్పటికీ అనుకుంటాను. ఆయన పేరు మీద సమ్మేళనమూ లేదు, చర్యా లేదు. అంతమాత్రాన ఆ గడిలో సున్నా వేయడానికి నాకు చేయి రాదు.

చివరికి ఊరు వదిలి కలకత్తాలో స్థిరపడాల్సి వచ్చింది. 1915 జనవరిలో అక్కడే పోయారు. మరో మూడేళ్లకు ఇక్కడ ఉస్మానియా పుట్టింది, ఉర్దూలో కెమిస్ట్రీ పాఠాలు మొదలయ్యాయి.

నారాయణగూడ నుంచి కింగ్ కోఠీ మీదుగా ఆబిడ్స్ దాటి నాంపల్లి స్టేషన్ వైపు వెళితే, గోల్డెన్ థ్రెషోల్డ్ అనే పాత ఇల్లు కనిపిస్తుంది. చిక్కడపల్లి నుంచి స్టేషనుకు వెళ్లే బస్సుల్లో మనమంతా వందసార్లు దాని ముందు నుంచి పోయి ఉంటాం. అది ఆ కుటుంబం ఇల్లు. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదలైంది ఆ ఇంట్లోనే. తర్వాత గచ్చిబౌలికి మారింది. అక్కడి కెమిస్ట్రీ విభాగానికి ఇప్పుడు దేశంలో మంచి పేరుంది. మన బడి పిల్లలూ కొందరు అక్కడ చదివారు.