జంతువుల చిత్రకారిణి రోజా బోనర్

పోయిన సంచికలో నేను వేసిన దుప్పి బొమ్మ చూసి మీరంతా నవ్వారు. మేకలా ఉందన్నారు. నిజమే. మా ఊరి అడవిలో దుప్పుల్ని ఎన్నోసార్లు చూశాను గానీ, వాటి కాలు ఎక్కడ మడత పడుతుందో ఎప్పుడూ గమనించలేదు. అందుకే ఈసారి, జంతువుల బొమ్మలతో ప్రపంచంలో పేరు తెచ్చుకున్న ఒకామె గురించి రాస్తున్నాను.

ఆమె పేరు రోజా బోనర్. 1822లో ఫ్రాన్సు దేశంలోని బోర్డో పట్టణంలో పుట్టింది. తండ్రి చిత్రకారుడే గానీ ఇంట్లో డబ్బుకు కటకట. చిన్నప్పుడు రోజాకు చదువంటే అస్సలు ఇష్టం లేదు. అప్పుడు వాళ్ళమ్మ ఒక ఉపాయం చేసింది. ఒక్కో అక్షరానికి ఒక్కో జంతువు బొమ్మ వెయ్యమంది. మనం ఆ అంటే ఆవు అని నేర్చుకున్నట్టే అన్నమాట. అలా అక్షరాలు వచ్చాయి. పాపం, రోజాకు 11 ఏళ్ళప్పుడే ఆ తల్లి చనిపోయింది.

అల్లరి చేస్తోందని బడి నుంచి పంపేశారు. కుట్టుపనిలో పెడితే అదీ కుదరలేదు. చివరికి తండ్రే బొమ్మలు నేర్పాడు. పారిస్‌లోని ప్రభుత్వ చిత్రకళాశాలలో 1897 దాకా ఆడవాళ్ళను చేర్చుకోలేదు. అందుకని రోజా లూవ్రు మ్యూజియానికి పోయి పెద్దవాళ్ళ చిత్రాలు చూసి వేసేది. మేడ మీది ఇంట్లోనే గొర్రెను పెంచింది. పశువుల్ని కోసే చోటికి కూడా పోయి, ఎముకలు, కండలు ఎలా ఉంటాయో చూసి నేర్చుకుంది.

1849లో ఎద్దులు దుక్కి దున్నే చిత్రం వేసింది. అందులో ఒక్కో నాగలికి ఆరేసి ఎద్దులు! తర్వాత గుర్రాల సంత చిత్రం కోసం ఏడాదిన్నర పాటు వారానికి రెండుసార్లు సంతకు పోయింది. అక్కడ గౌనుతో తిరగడం కష్టమని ప్యాంటు వేసుకుంది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు ప్యాంటు వేసుకోవాలంటే పోలీసుల అనుమతి కాగితం ఉండాలి. 1853లో ప్రదర్శించిన ఆ చిత్రం 8 అడుగుల ఎత్తు, 16 అడుగులకు పైగా వెడల్పు. ఇప్పుడది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

1860లో ఫాంటెన్‌బ్లో అడవి అంచున ఇల్లు చేసుకుంది. అక్కడ జింకల్ని, సింహాల్ని కూడా పెంచింది. బయట పెన్సిలుతో గీసుకుని, ఇంట్లో పెద్ద గుడ్డ మీద నూనె రంగులతో వేసేది. అవిసె నూనెలో కలిపిన రంగు తొందరగా ఆరదు. తడి మీదే ఒక రంగును ఇంకో రంగులో కలపొచ్చు. అందుకే జింక బొచ్చు, చెట్ల నీడ ఒకదాంట్లో ఒకటి కలిసినట్టు వెయ్యడానికి వీలవుతుంది. 1878లో అడవి మధ్య నిలబడి మనకేసే చూస్తున్న పెద్ద కొమ్ముల జింకను వేసింది.

1865లో ఫ్రాన్సు మహారాణి యూజెనీ స్వయంగా ఆమె ఇంటికొచ్చి లీజియన్ ఆఫ్ ఆనర్ పతకం ఇచ్చింది. ఆ గౌరవం పొందిన మొదటి చిత్రకారిణి రోజాయే. 1899లో చనిపోయింది.

మిత్రులారా! ఆమె జంతువుల్ని ఇంటికి తెచ్చుకుని చూసింది. మనకు అవి వాగు దగ్గరే కనిపిస్తాయి. మన దగ్గర నూనె రంగులు లేవు గానీ కళ్ళున్నాయి కదా! వారం నుంచి హాస్టలు వెనక మేసే మేకల కాళ్ళు చూసి గీస్తున్నాను. ఈ పేజీ కింద ఉన్నది మేకే. ఈసారి నవ్వకండి. దసరా సెలవులకు ఊరికి పోయి, దుప్పిని సరిగ్గా చూసి వస్తాను.