దీపం పట్టిన చేతితోనే లెక్కలు రాసిన నైటింగేల్

ఏటా మే 12న మన నర్సింగ్ కళాశాలల్లో దీపాలు వెలిగించి విద్యార్థినుల చేత ప్రమాణం చేయిస్తారు. అది ఫ్లారెన్స్ నైటింగేల్ పుట్టినరోజు. రాత్రివేళ చేతిలో దీపంతో, గాయపడ్డ సైనికుల మంచాల మధ్య నడిచే తల్లిగా ఆమె మనందరికీ తెలుసు. అయితే ఆమె తొంభై ఏళ్లు బతికారు. యుద్ధభూమిలో ఆ దీపం పట్టినది రెండేళ్లకు లోపే. తరువాతి దశాబ్దాల్లో ఆమె చేసిన పని గురించి మనం తక్కువగా మాట్లాడుకుంటాం. మన ఇళ్లకు, ఆసుపత్రులకు ఈనాటికీ ఎక్కువ అక్కరకొచ్చేది ఆ పనే.

ఆమె 1820లో ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో, కలిగిన ఆంగ్ల కుటుంబంలో పుట్టారు. పుట్టిన ఊరి పేరే ఆమెకు పెట్టారు. తండ్రి దగ్గర భాషలు, చరిత్ర నేర్చుకున్నారు. లెక్కలంటే ఆమెకు ప్రాణం. పదహారేళ్ల వయసులో, 1837 ఫిబ్రవరిలో, దేవుడు తనను సేవకు పిలిచాడని ఆమె నమ్మారు. ఏ సేవకో తేల్చుకోవడానికి కొన్నేళ్లు పట్టింది. రోగులకు సేవ చేస్తానంటే ఇంట్లో ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో ఆసుపత్రి నర్సు పని మర్యాదస్తులు చేసేది కాదని లోకం అనుకునేది. చివరికి 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో, పాస్టర్ ఫ్లీడ్నర్ నడిపే డీకనెస్‌ల ఆశ్రమంలో సుమారు మూడు నెలలు శిక్షణ పొందారు.

1853లో లండన్‌లో ఒక చిన్న ఆసుపత్రి బాధ్యత ఆమెకు దక్కింది. అక్కడ ఆమె పట్టుబట్టి అడిగినవి చూడండి. వేడినీళ్లు గొట్టాల ద్వారా పై అంతస్తులకు రావాలి. రోగుల భోజనం పైకి చేరడానికి చిన్న లిఫ్టు ఉండాలి. నర్సు మెట్లు ఎక్కి దిగడంలోనే అలసిపోతే రోగి దగ్గర ఉండేదెవరు? ఆమె సేవ ఇలాంటి ఆలోచనతో మొదలైంది.

1854 నవంబరు 4న, క్రిమియా యుద్ధంలో గాయపడినవారిని చూడడానికి ముప్పై ఎనిమిది మంది స్త్రీలతో ఆమె టర్కీలోని స్కుటారి చేరారు. అక్కడి సైనిక ఆసుపత్రిలో రోగులు నేల మీద పడి ఉన్నారు. దుప్పట్లలో పేలు, నడవల్లో దుర్గంధం. ఆమె గదులు కడిగించారు. ఒక ఇల్లు తీసుకుని బట్టలు ఉడకబెట్టే ఏర్పాటు చేసి, సైనికుల భార్యలకు ఆ పని ఇచ్చారు. పథ్యం వండే వంటగది పెట్టించారు. రాత్రుళ్లు మంచం మంచానికీ తిరిగారు. ఇంగ్లండు పత్రికలు ఆమెను దేవతను చేశాయి.

కానీ ఆ చలికాలమంతా చావులు ఆగలేదు. 1855 ఫిబ్రవరిలో ఆసుపత్రిలో చేరిన ప్రతి వందమందిలో సుమారు నలభై ఇద్దరు చనిపోయారు. గాయాల వల్ల పోయినవారి కంటే విరేచనాలు, కలరా, టైఫస్ వంటి జబ్బులతో పోయినవారే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ భవనం మూసుకుపోయిన మురుగు తూముల మీద నిలిచి ఉంది. మార్చిలో ప్రభుత్వం పంపిన పారిశుధ్య బృందం వచ్చింది. తూములు కడిగించింది, కళేబరాలు తీసివేయించింది, మంచినీటి కాలువ బాగుచేయించింది, గాలి ఆడే ఏర్పాటు చేసింది. జూన్ నాటికి చావులు వందకు రెండుకు దిగాయి.

యుద్ధం ముగిసి 1856లో తిరిగి వచ్చాక, గణాంకవేత్త విలియం ఫార్‌తో కలిసి ఆమె ఆ లెక్కలన్నీ ముందు వేసుకున్నారు. తాను రాత్రింబవళ్లు కష్టపడిన ఆసుపత్రే ఎక్కువమందిని బలిగొన్నదని అంకెలు చెప్పాయి. అక్కడ ప్రేమకు కొరత లేదు, జాగారానికి కొరత లేదు. పారే మురుగు, మంచి నీరు, మంచి గాలి కొరవడ్డాయి. దేశమంతా పొగుడుతున్న వేళ ఈ సంగతి దాచిపెట్టడం తేలిక. ఆమె దాచలేదు. ప్రభుత్వం అచ్చువేసి బయటపెట్టని తన నివేదికను తానే పలుకుబడి గలవారికి పంచారు. అంకెలు చదవనివారికి కూడా అర్థం కావాలని, నెలనెలా చావులను రంగుల వృత్తంలో గీసి చూపారు. 1858లో లండన్ గణాంక సంఘంలో సభ్యత్వం పొందిన తొలి స్త్రీ ఆమే.

యుద్ధంలో తగిలిన జ్వరం ఆమెను విడవలేదు. ఎన్నో ఏళ్లు మంచం మీద, గది దాటకుండా గడిపారు. ఆ మంచం మీదనుంచే ఉత్తరాలు, నివేదికలు వేలకొద్దీ రాశారు. 1859లో ఇంటింటి స్త్రీల కోసం నర్సింగ్ గురించి చిన్న పుస్తకం రాశారు. ఇంటి ఆరోగ్యానికి ఐదు కావాలన్నారు: మంచి గాలి, మంచి నీరు, పారే మురుగు, శుభ్రత, వెలుతురు. నర్సు మాటిమాటికీ చేతులు కడుక్కోవాలన్నారు. రోగికి వీపున పుండ్లు పడితే ఆ తప్పు చాలావరకు జబ్బుది కాదు, చూసేవారిదేనని తేల్చి చెప్పారు. జబ్బులు చెడుగాలి వల్ల పుడతాయన్న ఆనాటి నమ్మకమే ఆమెదీ. అది సరికాదని తరువాత తేలింది. అయినా ఆమె కడగమన్న తూము, తెరవమన్న కిటికీ ప్రాణాలు నిలిపాయి. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరిట నర్సుల పాఠశాల మొదలైంది.

మన దేశానికి ఆమె ఎన్నడూ రాలేదు. అయినా ఇక్కడి సైనిక శిబిరాల నుంచి కట్టలకొద్దీ నివేదికలు తెప్పించి చదివారు. ఏటా వెయ్యిమందికి అరవై తొమ్మిది మంది సైనికులు చనిపోతున్న చోట, నీరు, మురుగు, బసలు బాగుపడ్డాక 1873 నాటికి అది పద్దెనిమిదికి తగ్గిందని ఆమె లెక్క చూపారు. సైనికులతో ఆగక గ్రామాల పారిశుధ్యం వైపు తిరిగారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర కరువుకు కాలువలే మందని వాదిస్తే, ఆమె ఆయన పక్షాన నిలిచారు. తిండిలేని ఊరిలో వైద్యం నిలవదని ఆమెకు తెలుసు. 1892లో, డెబ్బై రెండేళ్ల వయసులో, ఇంగ్లండు పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి తల్లులకు ఆరోగ్యం నేర్పే స్త్రీలకు శిక్షణ ఇప్పించారు. నేడు మన వీధిలో తిరిగే ఆశా కార్యకర్తను చూస్తే ఆ ప్రయత్నమే గుర్తుకొస్తుంది.

1910 ఆగస్టు 13న ఆమె కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేస్తామంటే కుటుంబం వద్దన్నది. సొంత ఊరి చర్చి ఆవరణలో, రాతి మీద పేరులోని రెండు పొడి అక్షరాలతో ఆమెను పాతిపెట్టారు.

మనం రోగులను పరామర్శించడానికి వెళ్తాం. పండ్లు పట్టుకెళ్తాం, ప్రార్థన చేస్తాం. మంచిదే. వెళ్లినప్పుడు ఆ ఇంటి కిటికీ తెరిచి ఉందా, తాగే నీళ్లు కాచారా, మంచం పట్టిన పెద్దాయనను రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతున్నారా, వాకిట్లో నీళ్లు నిలిచాయా అని కూడా చూద్దాం. అవసరమైతే చీపురు మనమే పడదాం. ఎవరూ చప్పట్లు కొట్టరు. రాని జబ్బుకు కృతజ్ఞత చెప్పేవారుండరు. నైటింగేల్ యాభై ఏళ్లు చేసింది ఆ కృతజ్ఞత అందని సేవే.