నోటుపై సంతకము: చింతామణి దేశ్‌ముఖ్

1943 ఆగస్టు 11వ తేదీన బొంబాయిలో రిజర్వు బ్యాంకు గవర్నరు పదవిని ఒక భారతీయుడు స్వీకరించెను. ఆయన పేరు చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్. ఆయనకు ముందు ఆ పీఠమున కూర్చున్న ఇరువురును దొరలే. నాటి నోటు ముఖమున ఆరవ జార్జి చక్రవర్తి బొమ్మయు, గవర్నరు సంతకమును ఉండెడివి. వెనుకవైపున దాని విలువ దేశభాషలలో వ్రాయబడి యుండెడిది. ఆ భాషలలో తెలుగు ఒకటి. వడ్లు అమ్మి నోటు చేతబట్టిన రైతు ఆ సంతకము ఎవరిదో ఎరుగడు. అయినను అది చెల్లునన్న నమ్మకమే అతని బేరమునకు ఆధారము. యుద్ధకాలమున ఆ నమ్మకమును నిలుపుట ఎట్టి పనియో, అందులో ఒక అధికారి చేయగలిగినది ఎంతయో, చేయజాలనిది ఎంతయో దేశ్‌ముఖ్ జీవితము తెలుపును.

ఆయన 1896 జనవరి 14వ తేదీన, నాటి కొలాబా జిల్లాలో, రాయగఢ దుర్గమునకు సమీపమున నున్న నాతే గ్రామమున జన్మించెను. తండ్రి ద్వారకానాథ్ గణేశ్ దేశ్‌ముఖ్ న్యాయవాది, తల్లి భాగీరథీబాయి. 1912లో బొంబాయి విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షలో ప్రథముడుగా ఉత్తీర్ణుడై, సంస్కృతమునకై ఏర్పడిన జగన్నాథ శంకర్‌సేట్ విద్యార్థివేతనమును పొందెను. పిమ్మట కేంబ్రిడ్జిలోని జీసస్ కళాశాలలో చేరి, వృక్షశాస్త్రము, రసాయనశాస్త్రము, భూగర్భశాస్త్రము చదివి 1917లో పట్టము గైకొనెను. మరుసటి సంవత్సరము ఐ.సి.యస్. పరీక్షలో మొదటి స్థానము ఆయనదే. మొక్కల తీరు చదివిన ఈ విద్యార్థి ముందు ముందు దేశపు ద్రవ్యమును కాపాడువాడగునని నాడు ఎవరును ఊహించి యుండరు.

మధ్యపరగణాలు, బేరారు రాష్ట్రమున ఆయన ఇంచుమించు ఇరువది యేండ్లు పనిచేసెను. సెటిల్మెంటు అధికారిగా భూముల లెక్కలు చూచెను. ఆర్థిక కార్యదర్శిగా రాష్ట్రపు ఆదాయవ్యయములు దిద్దెను. 1931లో లండనులో జరిగిన రెండవ రౌండుటేబిల్ సమావేశమున కార్యదర్శులలో ఒకడుగా ఉండెను. 1939 జూలైలో ప్రభుత్వము ఆయనను రిజర్వు బ్యాంకునకు పంపెను. బ్యాంకు వ్యవహారములను ఎప్పటికప్పుడు ప్రభుత్వమునకు తెలుపుచుండుట ఆయనకు అప్పగించిన పని. 1935 ఏప్రిలు 1వ తేదీన ప్రారంభమైన ఆ బ్యాంకునకు అప్పటికి నాలుగేండ్ల వయస్సు మాత్రమే.

ఆయన వచ్చి రెండు నెలలు గడచెనో లేదో, సెప్టెంబరు 3వ తేదీన యుద్ధము ప్రారంభమయ్యెను. మరికొలది కాలమునకే దేశ్‌ముఖ్ బ్యాంకు కేంద్రమండలికి కార్యదర్శి అయ్యెను. విదేశమారకద్రవ్యముపై అదుపు అమలులోనికి వచ్చెను. దానిని నడుపు భారము రిజర్వు బ్యాంకుపై పడెను. స్టెర్లింగు మండలమునకు వెలుపలి దేశమునకు సొమ్ము పంపగోరు వర్తకుడైనను, అక్కడ కుమారుని చదివించు తండ్రియైనను అనుమతి పొందవలసి యుండెను. ఏ అర్జీకి ఏ కాగితము జతపరుపవలెను, ఏ బ్యాంకునకు ఎంత అధికారమీయవలెను, ఏ ఖర్చు అవసరము, ఏది అనవసరము అన్న నిర్ణయములు దినదినమును ఫైళ్ళపై జరుగవలసి యుండెను. ఇవి చూచుటకు అల్పములు. కాని వీనిలో ఏమరుపాటు కలిగినచో దేశపు సొమ్ము శత్రుదేశములకు జారిపోవును. అతిజాగ్రత్త కలిగినచో సామాన్యుని వ్యాపారము నిలిచిపోవును.

1940 జూన్ నెలలో ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోయెను. ఆ వార్త రాగానే మన దేశమున తపాలా సేవింగ్సు బ్యాంకులనుండి సొమ్ము తీయువారును, నోట్లిచ్చి వెండి రూపాయలు కోరువారును గుమిగూడిరి. ప్రభుత్వము ఓడిపోయినచో కాగితము కాగితముగానే మిగులునని జనుల భయము. వెండి రూపాయలు ఇండ్లకు చేరి, కుండలలోను గోడలలోను దాగికొని, బజారునుండి మాయమయ్యెను. అవసరమునకు మించి నాణెములు కూడబెట్టుట నేరమని ప్రభుత్వము శాసించెను. శాసనముతోనే చిల్లర పుట్టదు గదా! జూలై నెలలో రూపాయి నోటు జారీ చేయుటకు ఏర్పాటు జరిగెను. అది ప్రభుత్వము పేర వెలువడినదే. చట్టము దృష్టిలో రూపాయి నాణెముతో సమానము. కాని దానిని ఖజానాలకును, బ్యాంకులకును చేర్చు పని రిజర్వు బ్యాంకుదే. అదే సంవత్సరమున రూపాయిలోని వెండిని సగమునకు తగ్గించిరి. తరువాత పాత రూపాయలను క్రమక్రమముగా వెనుకకు తీసికొనిరి. 1943లో రెండు రూపాయల నోటు వచ్చెను. రాగి పొదుపునకై నడుమ చిల్లుగల కానీని ముద్రించిరి. ఆ చిల్లుకానీని మన తెలుగు ఇండ్లలో అనేకులు చిరకాలము దాచుకొనిరి.

ఇట్టి మార్పుల వెనుక ఎంత ఏర్పాటు కావలెనో విద్యార్థులు ఆలోచింపదగును. జిల్లా ఖజానాలలోను, ఇంపీరియల్ బ్యాంకు శాఖలలోను నోట్ల పెట్టెలుండెడివి. ఏ పెట్టెలో ఎంత నిల్వ యుండవలెనో, పంట చేతికి వచ్చు దినములలో ఏ ప్రాంతమునకు ఎంత పంపవలెనో ముందుగనే లెక్కకట్టవలెను. షెడ్యూల్డు బ్యాంకులు శుక్రవారమునాటి తమ లెక్కలను వారము వారము రిజర్వు బ్యాంకునకు పంపవలెను. రిజర్వు బ్యాంకు తన లెక్కలను వారమునకొకసారి ప్రకటింపవలెను. యుద్ధము వచ్చినను ఈ క్రమము తప్పరాదు. ఒక్క వారము లెక్క వెలువడకపోయినచో దాని స్థానమున పుకారు వెలువడును. 1941 చివర డిప్యూటీ గవర్నరైన దేశ్‌ముఖ్ ఈ నిత్యకృత్యములనన్నిటిని స్వయముగా ఎరిగినవాడు.

1942లో యుద్ధము మన గడపవద్దకే వచ్చెను. బర్మా 1937లో భారతదేశమునుండి విడిపోయినను, దానికి నోట్లు జారీచేయు బాధ్యత రిజర్వు బ్యాంకుదిగానే యుండెను. మార్చి నెలలో రంగూను జపానీయుల వశమయ్యెను. అక్కడి బ్యాంకు కార్యాలయము మూతపడెను. ఆ నగరమున కూలిచేసి బ్రదుకుచుండిన వేలకొలది తెలుగువారు అడవులగుండ నడచి స్వదేశమునకు రావలసిన దుర్దశ కలిగెను. ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడ రేవులపై జపాను విమానములు బాంబులు వేసెను.

1943 ఫిబ్రవరి 17వ తేదీన గవర్నరు సర్ జేమ్సు టేలర్ పదవిలో ఉండగనే మరణించెను. దాదాపు ఆరు నెలలు ఆ స్థానము భర్తీ కాలేదు. ఆ కాలమున డిప్యూటీ గవర్నరుగా దేశ్‌ముఖే బ్యాంకు భారమును మోసెను. ఆగస్టులో పదవియు ఆయనకు దక్కెను. కాని అది దక్కిన సమయము మిక్కిలి క్రూరమైనది.

దీని కారణము తెలిసికొనవలెనన్న యుద్ధకాలపు ద్రవ్యవిధానమును కొంత గ్రహింపవలెను. బ్రిటిషు ప్రభుత్వము యుద్ధమునకై మన దేశమున ధాన్యము, గుడ్డ, తోలు, ఇతర సామగ్రి కొనుచుండెను. వాని వెలను లండనులో స్టెర్లింగు రూపమున రిజర్వు బ్యాంకు లెక్కకు జమకట్టుచుండెను. రూపాయికి 1 షిల్లింగు 6 పెన్సుల చొప్పున స్టెర్లింగును కొనుట చట్టము బ్యాంకునకు విధించిన పని. నోట్లకు వెనుక ఉండవలసిన నిధిలో నూటికి 40 పాళ్ళు బంగారమైనను స్టెర్లింగు పత్రములైనను ఉండవచ్చునని కూడ అదే చట్టము చెప్పెను. కావున లండనులో ఖాతా పెరిగినకొలది ఇక్కడ నోట్లు ముద్రించుటకు అడ్డు లేకపోయెను. లెక్క ప్రకారము అంతయు సక్రమము. కాని అక్కడి ఖాతాతో ఇక్కడ ఎవరును బియ్యము కొనలేరు. సరకులు సైన్యమునకు పోయెను; నోట్లు ప్రజలలో మిగిలెను. 1939లో సుమారు 180 కోట్ల రూపాయలుగా నున్న నోట్ల చెలామణి యుద్ధాంతమునకు 1,100 కోట్లు దాటెను. టోకు ధరలు 1943 నాటికే రెట్టింపునకు మించెను.

ఆ సంవత్సరమే వంగదేశమున ఘోరక్షామము సంభవించెను. బర్మా బియ్యము రాక నిలిచిపోవుట, తుపాను, ప్రభుత్వపు ధాన్యవిధానము మొదలగు కారణములతోపాటు ద్రవ్యోల్బణమును దానికి హేతువయ్యెను. మృతులు 15 లక్షలని విచారణసంఘము చెప్పెను. 30 లక్షల వరకు ఉందురని తరువాతి పరిశోధకులలో పలువురి అభిప్రాయము. ఏ ఉత్తరువునందును మరణము అన్న మాట లేదు. స్టెర్లింగు కొనుట, నోట్లు పంపుట, లెక్క ప్రకటించుట, ఇవే ఆ ఉత్తరువులు. వ్యవసాయకూలియు, పల్లెకారులును తమ కూలితో బియ్యము కొనలేక చనిపోయిరి. దేశ్‌ముఖ్ సంతకము గల నోట్లు ఆ దినములలో చేతులు మారుచునే యుండెను. ఈ సత్యమును ఆయన జీవితకథనుండి తొలగించుట న్యాయము కాదు. చట్టమును మార్చు అధికారము గవర్నరునకు లేదు. యుద్ధవ్యయమును నిర్ణయించువారు లండనులోను ఢిల్లీలోను ఉండిరి. ప్రజలవద్దనున్న సొమ్మును ఋణపత్రములలోనికి మరలించుట, బ్రిటిషు, అమెరికా ప్రభుత్వముల పక్షమున బంగారము అమ్మి నోట్లను వెనుకకు లాగుట వంటి ఉపాయములే బ్యాంకు చేతిలో మిగిలెను. అవి ప్రవాహమును కొంత తగ్గించెనుగాని ఆపలేకపోయెను.

అయితే ఆ ఖాతాలోని ప్రతి పౌనును భారతీయుల ఆకలికి ప్రతిగా జమపడినదే. దానిలో కొంత వినియోగించి, ఇంగ్లండునకు మన దేశము పడియున్న ఋణములో అధికభాగమును యుద్ధకాలమునందే తీర్చివేసిరి. ఆ తరువాతను యుద్ధాంతమునకు ఇంగ్లండు మనకు పడిన బాకీ దాదాపు 1,700 కోట్ల రూపాయలకు చేరెను. దానిని రాబట్టు సమస్య 1944 జూలైలో అమెరికాలోని బ్రెట్టన్‌వుడ్సు సమావేశమున చర్చకు వచ్చెను. ఆర్థిక సభ్యుడు సర్ జెరెమీ రెయిస్మన్ నాయకత్వమున వెళ్ళిన బృందములో దేశ్‌ముఖ్, షణ్ముఖం చెట్టి, ఏ.డి. ష్రాఫ్ ఉండిరి. ఆ బాకీలో కొంతయైనను ఇతర దేశముల ద్రవ్యముగా మారు మార్గము అంతర్జాతీయ ద్రవ్యనిధి ద్వారా ఏర్పడవలెనని మనవారు కోరిరి. అది రెండు దేశముల నడుమ తేలవలసిన విషయమని పెద్దదేశములు త్రోసివేసెను. వెనుకబడిన దేశముల అభివృద్ధిని నిధి ఆశయములలో చేర్పవలెనన్న వాదమునకు కొంత ఫలము దక్కెను. ద్రవ్యనిధిలో భారతదేశపు వాటా 40 కోట్ల డాలర్లుగా నిర్ణయమయ్యెను. స్వాతంత్ర్యము ఇంకను రాని దేశమునకు అది చిన్న గౌరవము కాదు.

యుద్ధము ముగిసినను ఆయనకు విశ్రాంతి దొరకలేదు. 1946 జనవరి 12వ తేదీన 500, 1,000, 10,000 రూపాయల నోట్లు చెల్లవని ప్రభుత్వము ప్రకటించెను. నల్లబజారు లాభములను బయటికి లాగవలెనని ఉద్దేశము. బ్యాంకు అధికారులకు ఇందుపై గొప్ప ఉత్సాహము లేకుండెను. 1947 చివరకు లెక్క చూడగా, సుమారు 144 కోట్ల విలువగల నోట్లలో 135 కోట్ల వరకు తిరిగి వచ్చెను. రానివి 9 కోట్లు మాత్రమే. దేశవిభజన తరువాత 1948 జూన్ చివరివరకు రిజర్వు బ్యాంకే పాకిస్తానునకు గూడ కేంద్రబ్యాంకుగా పనిచేసెను. ఇరుప్రక్కల రక్తము ప్రవహించిన ఆ దినములలో రెండు రాజ్యముల లెక్కలను ఒకే సంస్థ చూడవలసి వచ్చెను. 1949 జనవరి 1వ తేదీన బ్యాంకు జాతీయమయ్యెను. ఆ జూన్ చివర దేశ్‌ముఖ్ పదవినుండి తప్పుకొనెను.

1950లో ఆయన భారత ఆర్థికమంత్రి అయ్యెను. ఇంపీరియల్ బ్యాంకు 1955లో స్టేట్ బ్యాంకుగా మారినదియు, 1956లో జీవితభీమా జాతీయమైనదియు ఆయన కాలముననే. అదే 1956లో బొంబాయి నగరమును మహారాష్ట్రమునుండి వేరుచేయు నిర్ణయమునకు సమ్మతింపక మంత్రిపదవిని వదలుకొనెను. యుద్ధకాలమున విదేశప్రభుత్వపు నిర్ణయములను అమలుజరిపిన అధికారి, స్వతంత్రదేశమున తనకు సమ్మతము కాని నిర్ణయమునకు బాధ్యుడుగా ఉండుటకు అంగీకరింపలేదు. అటుపిమ్మట విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమునకు అధ్యక్షుడుగాను, ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగాను విద్యారంగమునకు సేవచేసెను. సంస్కృతమున కవిత వ్రాసెను; కాళిదాసుని మేఘదూతమును మరాఠీలోనికి తెచ్చెను.

మొదటి భార్య మరణించిన పిదప, 1953లో ఆయన దుర్గాబాయిని వివాహమాడెను. రాజమహేంద్రవరమున పుట్టి, ఆంధ్రమహిళాసభను స్థాపించి, రాజ్యాంగసభలో సభ్యురాలై పేరొందిన ఆమె మూలమున ఆయన తెలుగువారికి బంధువయ్యెను. చివరి సంవత్సరములు ఇరువురును హైదరాబాదున గడపిరి. 1981 మే నెలలో ఆమెయు, 1982 అక్టోబరు 2వ తేదీన ఆయనయు కన్నుమూసిరి.

నిత్యకృత్యమును చక్కగ నెరవేర్చుట గొప్పగుణమే. దేశ్‌ముఖ్ అందు అసమానుడు. ఆ నిత్యకృత్యము ఎవరి కొరకు నడచుచున్నదన్న ప్రశ్న మాత్రము బ్యాంకు లెక్కలలో కనబడదు. ద్రవ్యమును గూర్చి బోధించు ఉపాధ్యాయుడు 1943వ సంవత్సరపు నోట్ల లెక్కను నల్లబల్లపై వ్రాసినపుడు, దాని ప్రక్కన ఆ సంవత్సరపు బియ్యము ధరను గూడ వ్రాయవలెను. అప్పుడే ఆ సంతకపు బరువు విద్యార్థికి తెలియును.