ఈ నవల రాసిందెవరు?



మీ పాప చక్కటి కథ రాసి చూపిస్తే చుట్టాలు మొదట అడిగేదేమిటి? నాన్నగారు సాయం చేశారా అనేగా! ఇంగ్లండులో మేరీ షెల్లీకీ ఇదే ఎదురైంది.

మేరీ పుట్టిన కొద్ది రోజులకే తల్లి చనిపోయింది. తండ్రి విలియం గాడ్విన్ పేరున్న రచయిత. బడికి వెళ్లింది తక్కువే, ఇంట్లో పుస్తకాలే ఆమె చదువు. 1816 వేసవిలో జెనీవా సరస్సు దగ్గర, వానలకు బయటికి వెళ్లలేక, కవి బైరన్ తలా ఒక దెయ్యం కథ రాద్దామన్నాడు. అప్పటికి మేరీకి 18 ఏళ్లు. ఆ సరదాలోంచే 'ఫ్రాంకెన్‌స్టైన్' పుట్టింది.

ఇద్దరు ప్రచురణకర్తలు వద్దన్నారు. చివరికి 1818 జనవరిలో 500 ప్రతులు వచ్చాయి, రచయిత పేరు లేకుండా. ముందుమాట రాసింది ఆమె భర్త, కవి పెర్సీ షెల్లీ. అంకితం గాడ్విన్‌కి. ఇంకేం, పుస్తకం పెర్సీదే అనుకున్నారు చాలామంది. 'క్వార్టర్లీ రివ్యూ' దుమ్మెత్తిపోసింది. వాల్టర్ స్కాట్ మెచ్చుకున్నాడు గానీ, ఆ మెప్పు కూడా పెర్సీ ఖాతాలోకే వెళ్లింది!

మేరీ ఊరుకోలేదు. నవల తనదేనని స్కాట్‌కి ఉత్తరం రాసింది. ఇరవై ఏళ్ల అమ్మాయి, అంతటి రచయితకి! నవల కన్నా నాకు ఆ ఉత్తరమే ఎక్కువ నచ్చుతుంది.

1823 ముద్రణలో ఆమె పేరు అచ్చయింది. 1831లో తనే ముందుమాట రాసుకుని, ఆ కథ తనకెలా తట్టిందో వివరంగా చెప్పింది. రాతప్రతి ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. అక్కడక్కడా పెర్సీ దిద్దుబాట్లు కనిపిస్తాయి. చేతిరాత మాత్రం మేరీది.