శంకర్ గుహా నియోగీ: అర్జీ పెట్టినవాడి జీవితం



మన కరపత్రాల్లో ఎప్పుడూ గురువుల చరిత్ర, షహీదుల చరిత్ర చెప్పుకుంటాం. ఈసారి సిక్కు కాని ఒకరి జీవితం చెబుతున్నాం. దల్లీ రాజహరా గనుల నుంచి ఇనుప ఖనిజం మోసే బండ్లు మన మరోదా స్టేషన్ మీదుగానే భిలాయి కార్ఖానాకు పోతాయి. తరతరాలుగా ఇనుమును నమ్ముకున్న సిక్లీగర్ బిడ్డలకు ఆ ఖనిజం తవ్వినవాళ్ల కథ తెలియాలి కదా!

నియోగీ గారు 1943లో బెంగాలీ కుటుంబంలో పుట్టారు. అసలు పేరు ధీరేశ్. కుర్రతనంలోనే భిలాయి వచ్చి కోక్ ఓవెన్‌లో పనికి కుదిరారు. కార్మికుల తరఫున నోరు విప్పినందుకు ఆ ఉద్యోగం పోయింది. శంకర్ అని పేరు మార్చుకొని పల్లెల్లో తిరిగారు, మేకలు అమ్మారు, దానీటోలా గనిలో రాళ్లు కొట్టారు. అక్కడి కూలీ ఇంటి ఆడపిల్ల ఆశా గారినే పెళ్లాడారు. చేతి కష్టం తిన్న మనిషి. మన మాటలో చెప్పాలంటే కిరతీ.

ఎమర్జెన్సీలో ఆయనను మీసా చట్టం కింద జైల్లో పెట్టారు. ఆ చట్టానికి విచారణ అక్కరలేదు, ఏ నేరమో చెప్పనక్కరలేదు.

1977లో బయటికి రాగానే దల్లీ రాజహరా కాంట్రాక్టు కూలీలు ఆయనను పిలుచుకుపోయారు. వాళ్లు అడిగినవాటిలో ఒకటి వినండి: వానలు పడేలోగా గుడిసెలు బాగుచేసుకోవడానికి కాస్త భత్యం. అంతే! జూన్ 2 రాత్రి పోలీసులు ఆయనను యూనియన్ ఆఫీసు నుంచి పట్టుకుపోయారు. మా మనిషిని వదలమని జనం అడ్డం కూర్చున్నారు. ఆ రాత్రీ మర్నాడూ జరిగిన కాల్పుల్లో 11 మంది పోయారు. వారిలో ఒక స్త్రీ, ఒక పిల్లవాడు. వారి పేరు మీద కూలీలే చందాలు వేసుకొని, ఇటుకలు మోసి 1983లో షహీద్ ఆస్పత్రి కట్టుకున్నారు. ఆయన మాట మీద వేలమంది సారా మానేశారు. గురువు రహిత్ తెలిసిన మన ఇళ్లలో ఇంకా మానని వారున్నారు, చెప్పక తప్పదు.

1990లో భిలాయి ప్రైవేటు కార్ఖానాల కాంట్రాక్టు కార్మికుల కోసం నిలబడ్డారు. 1991 ఫిబ్రవరిలో పాత కేసులు తవ్వి మళ్లీ జైల్లో వేశారు. హైకోర్టు బెయిలు ఇచ్చాక జిల్లా నుంచే వెళ్లగొట్టడానికి నోటీసు. అంటే అడగడమే నేరమైంది. కత్తులకు సాన పట్టేవాళ్లమని అనుమానంతో ఠాణాకు పిలిపించబడ్డ మన కుటుంబాలకు ఇది వేరే చెప్పాలా?

అయినా సెప్టెంబరులో కార్మికులను వెంటబెట్టుకొని దిల్లీ వెళ్లి రాష్ట్రపతి వెంకట్రామన్ గారికి అర్జీ ఇచ్చారు. దిల్లీ అనగానే మనకు 1675 గుర్తొస్తుంది. కాశ్మీరీ పండితుల మొరను తన మొరగా చేసుకున్నందుకు గురు తేగ్ బహాదూర్ జీ అక్కడే బందీ అయి, చాందినీ చౌక్‌లో శీష్ ఇచ్చారు. గురువుతో ఎవరినీ పోల్చం. దారి మాత్రం గుర్తుపడతాం.

దిల్లీ నుంచి తిరిగొచ్చిన కొద్ది రోజులకే, సెప్టెంబరు 28న తెల్లవారకముందు, భిలాయి హడ్కో ఇంట్లో నిద్రపోతున్న నియోగీ గారిని కిటికీలోంచి కాల్చి చంపారు. దేహాన్ని ఎరుపు, ఆకుపచ్చ జెండా కప్పి దల్లీ రాజహరాకు తీసుకుపోయారు. కింది కోర్టు శిక్ష వేసినవారిని 1998లో హైకోర్టు అందరినీ వదిలేసింది. 2005లో సుప్రీంకోర్టు తుపాకీ పేల్చినవాడికి ఒక్కడికే యావజ్జీవం వేసింది.